వెండి మీద నలుపు

అచ్చులో అంతా తిరగబడి ఉంటుంది. నాణెం మీద ఉబ్బెత్తుగా నిలబడే కుక్క అచ్చులో గుంటలా ఉంటుంది. నాణెం మీద కుడివైపు చూసేది అచ్చులో ఎడమవైపు చూస్తుంది. ఈ తిరకాసు జెల్మీరాకి ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో వాళ్ళ వేటకుక్క ఇస్క్రా ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే "ఇదిగో అచ్చు" అనేది, అది పొర్లి కుడి పక్కకి తిరగ్గానే "ఇదిగో నాణెం" అనేది. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఈ మాటకి రాడొవాన్ ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేవాడు.

గురువారం పొద్దున టంకశాలలో కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె ఆ అచ్చునే భూతద్దం కింద పెట్టుకుని కూర్చుంది. నాలుగైదు వందల నాణేలు కొట్టేసరికి అచ్చు మొహం మసకబారుతుంది. మళ్ళీ మెరుగుపెట్టాలి. చెక్క పుల్ల కొనకి వజ్రపు పొడి కలిపిన ముద్ద రవ్వంత అంటించి, కుక్క ముక్కుకీ అంచునున్న అక్షరాలకీ మధ్య మిగిలిన ఆవగింజంత చోటులో గుండ్రంగా తిప్పుతోంది. తిప్పుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టాలి. ఆదమరిచి వదిలితే ఆ ఆవిరికే అరగంట పని మళ్ళీ మొదటికొస్తుంది.

"ఊపిరి తీసుకోవే పిల్లా, మొగుడికి ఇంకా అవసరం ఉంది నీతో," అంది పక్క బల్ల దగ్గర్నుంచి ఒతీలియా అత్త. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ బల్ల ఆవిడదే. ఎవరికీ మేనత్త కాదు, అందరికీ అత్తే.

దాచుకునేవాళ్ళ కోసం కొట్టే వెండి నాణేలకి ఒక పద్ధతి ఉంది. చుట్టూ ఉన్న ఖాళీ చోటంతా అద్దంలా మెరవాలి, మధ్యలో బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉండాలి. అందుకని అచ్చులో బొమ్మ ఉన్నంత మేరా సన్నని గాజు పొడిని ఊది గరుకు చేస్తారు. గుర్రాలకీ రాజులకీ చర్చి గోపురాలకీ ఈ పద్ధతి బాగానే ఉంటుంది. వేటకుక్కల వరుసలో ఈసారి వచ్చింది కోపొవ్ జాతి. అది ముక్కు నుంచి తోక దాకా నల్లటి నలుపు. కనుబొమల మీద రెండు చుక్కలు, మూతి పక్కన, కాళ్ళ చివర కాస్త గోధుమరంగు, అంతే. మొదటి నమూనా నాణెం కొట్టి చూపించినప్పుడు ఒతీలియా అత్త కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇదేం కుక్కే, పిండి డబ్బాలో పడి లేచొచ్చినట్టుంది?" అంది.

ఆ మాట పట్టుకుని జెల్మీరా నాలుగు రోజులు కూర్చుంది. మూడే మూడు వెంట్రుకల కుంచెతో కుక్క ఒళ్ళంతా లక్క పూసి, చుక్కలూ మూతీ కాళ్ళూ మాత్రం వదిలేసి, అప్పుడు గాజు పొడి ఊదించింది. లక్క కడిగేశాక ఒళ్ళు అద్దంలా మిగిలింది, చుక్కలు తెల్లబడ్డాయి. నాణెం కొట్టి కిటికీ వైపు కాస్త వంచితే చాలు, వెండి కుక్క ఉన్నట్టుండి నల్లబడేది. కనుబొమల మీద రెండు చుక్కలు మాత్రం తెల్లగా వెలిగేవి. మొదటిసారి చూసినప్పుడు జెల్మీరా పకపకా నవ్వేసింది. అచ్చం ఇస్క్రా కుర్చీ కింద నుంచి చూసినట్టే ఉంది.

చూసినట్టుండడం ఏమిటి, అది ఇస్క్రాయే. పెళ్ళికి ముందు వేసవిలో ఒక శిల్పి వచ్చి, రాడొవాన్ వంటింటి బెంచీ మీద రెండు రోజులు కూర్చుని దాన్నే గీసుకున్నాడు. అడవిపంది కోరకి చిరిగిన ఎడమ చెవితో సహా గీశాడు. జాతి లక్షణాల్లో చిరిగిన చెవి లేదని పైవాళ్ళు చెవి అతికించమన్నారు. "పోనీలే, డాక్టరు దగ్గరికి పోకుండానే బాగైపోయింది," అన్నాడు రాడొవాన్.

పదకొండింటికి తలుపు తెరుచుకుని కోపొవ్ కుక్కల సంఘం అధ్యక్షుడు ఇంజనీరు క్రివోష్ లోపలికొచ్చాడు. ఆకుపచ్చ కోటు, టోపీకి ఈక. జిల్లా వేటగాళ్ళ సంఘానికి కూడా ఆయనే పెద్ద. చేతికి తెల్ల తొడుగు వేసుకుని నాణేన్ని అంచులు పట్టుకుని వెలుతురుకి వంచాడు. కుక్క నల్లబడింది. వెనక్కి తిప్పాడు, మళ్ళీ వంచాడు.

"మా జాతిలో తెల్ల మచ్చ కనబడితే పోటీ నుంచి గెంటేస్తాం," అన్నాడు చివరికి. "మీరు నా కుక్కని మంచుబొమ్మని చేసి పెడతారేమోనని నెల రోజులుగా నాకు నిద్ర లేదు. ఎవరు చేశారిది?"

"ఇదిగో, ఈ పిల్ల," అంది ఒతీలియా అత్త. "ఆ కుక్క కూడా దానిదే."

"రాడొవాన్ పెళ్ళానివా? ఆ మొద్దబ్బాయి ఒక్క మాటైనా చెప్పాడా నాకు!" క్రివోష్ నాణేన్ని డబ్బాలో పెట్టి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. "శనివారం వేట అయ్యాక నాణేనికి నామకరణం. నువ్వొస్తున్నావు, ఇస్క్రాతో వస్తున్నావు. ప్రాణమున్నదీ వెండిదీ పక్కపక్కన ఉండాలి. పేపరువాళ్ళు వస్తారు, రాజధాని నుంచి అతిథులొస్తారు. సరేనా అమ్మాయ్?"

జెల్మీరా తల నాలుగుసార్లు ఊపింది.

సాయంత్రం ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చేసరికి రాడొవాన్ మెట్ల మీద కూర్చుని ఇస్క్రా నారింజరంగు చొక్కా కుడుతున్నాడు. పోయిన వారం ముళ్ళకంపలో పొట్ట దగ్గర చిరిగింది. మైనం రాసిన దారం, దబ్బనం. కుట్టు కుట్టుకీ దారాన్ని పళ్ళతో బిగిస్తున్నాడు. ఇస్క్రా అతని మోకాలి మీద గడ్డం ఆనించి ప్రతి కుట్టునీ తనిఖీ చేస్తోంది. ఆమె జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెబుతూనే ఆలుగడ్డ తురిమింది, ముద్దలు ఉడకబెట్టింది, గొర్రె జున్ను కలిపింది. కొత్త పళ్ళేలు రెండున్నా ఒక్క పళ్ళెంలోనే తిన్నారు. రెండోది ఎందుకు తడపాలి అని ఆమె వాదన.

"ఫోటోలు దిగండి, ఇద్దరూ అందగత్తెలే," అన్నాడు రాడొవాన్. "నేను పైనుంచి పందుల్ని తోలేవాళ్ళతో పొద్దున్నే వెళ్ళిపోవాలి. ఫోటోలయ్యాక దీన్ని కింది బాట దగ్గర వదిలెయ్. నా కేక విని అదే వస్తుంది." దబ్బనాన్ని డబ్బాలో పెట్టి చొక్కాని చేతుల మధ్య సాగదీసి చూశాడు. "కానీ జెల్మీ, ఇది మాత్రం ఒంటి మీంచి తియ్యకు. నల్లగా కదిలేదల్లా పందే అనుకునేవాళ్ళు వస్తున్నారు శనివారం."

"తియ్యనులే బాబూ," అంది ఆమె, పళ్ళేనికి అంటుకున్న జున్ను వేలితో తీసి అతని ముక్కుకి రాస్తూ.

*

శనివారం గడ్డి మీద మంచు గరగరలాడుతోంది. పచ్చిక మైదానంలో వేటగాళ్ళు వరుసగా నిలబడ్డారు. కొమ్ము ఊదారు. ఎవరెవరు ఏ మాటులో కూర్చోవాలో, ఎటు కాల్చకూడదో క్రివోష్ చదివి వినిపించాడు. చదివిన ఒక్కో వాక్యానికీ టోపీలు ఊగాయి. రాజధాని అతిథుల బూట్లకి ఇంకా అంగడి వాసన పోలేదు. తోలేవాళ్ళు అప్పటికే కొండ వెనక్కి వెళ్ళిపోయారు.

మైదానం చివర బల్ల మీద నల్ల మఖమలు గుడ్డ పరిచి వెండి నాణెం పెట్టారు. ఫోటోలు తీసే ఇద్దరు నేల మీద పొట్ట ఆనించి పడుకున్నారు. జెల్మీరా తాడు పట్టుకుని నిలబడింది. పెళ్ళినాటి తెల్ల శాలువానే కప్పుకొచ్చింది. ఇస్క్రా ఒక కాలు ఎత్తి, ముక్కు పైకి పెట్టి, కొండవైపు గాలి పీలుస్తోంది. అచ్చం నాణెం మీదిలాగే.

"ఆ చొక్కా తీసెయ్ అమ్మాయ్," అన్నాడు క్రివోష్.

"రాడో తియ్యొద్దన్నాడండీ."

"నాణెం మీద నారింజరంగు ఉందా? నాలుగు రోజులు కష్టపడి నలుపు తెప్పించావే, ఇప్పుడు దాని మీద రోడ్డుపనివాడి చొక్కా తొడిగి చూపిస్తావా జనానికి? ఐదు నిమిషాలు. రాడొవాన్‌కి నేను చెప్తాలే."

ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంది. అయినా ఆ చేతి బరువుకే ఆమె వంగిందంటే అబద్ధం. ఆమెకీ చూడాలనిపించింది. మంచు మీద, ఎండలో, ఏ రంగూ అడ్డం లేని ఆ నలుపుని. వంగి పొట్ట కింద ఉన్న రెండు కొక్కేలూ విప్పింది. చొక్కాని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ కొక్కేలు బిగించి, పక్కనే ఆగున్న క్రివోష్ జీపు వెనక సీటు మీద పెట్టింది. ఇస్క్రా ఒళ్ళు ఒకసారి విదిల్చుకుంది. ఎండ దాని వీపు మీద జారింది. ఫోటోలవాళ్ళు "ఆహా" అన్నారు. ఆ "ఆహా" తనకే అన్నట్టు జెల్మీరా చెవులు వెచ్చబడ్డాయి.

అప్పుడే కొండ మీంచి మొదటి కుక్క గొంతు వినబడింది. ఆ వెంటనే రాడొవాన్ కేక. ఇస్క్రా తాడు చివరికంటా లాగి రెండు కాళ్ళ మీద లేచింది.

"వదులు, వదులు! పరుగు ఫోటో రావాలి!" అన్నాడు క్రివోష్.

"చొక్కా…"

"వేట మొదలైపోయింది. అది జీపు దాకా వస్తుందా ఇప్పుడు? ఈ జిల్లాలో దాన్ని ఎరగనివాడెవడు? వదులమ్మా!"

ఆమె తాడు విప్పింది. నల్లటి ఒళ్ళు ఒక్కసారి సాగి, ముడుచుకుని, మళ్ళీ సాగి, మైదానం దాటి పొదల్లోకి దూరింది. ఫోటోల చప్పుడు టకటకమని ఆగకుండా వచ్చింది.

ఇస్క్రా గొంతు జెల్మీరాకి వంద గొంతుల్లో తెలుస్తుంది. ఒకే ఎత్తులో, గంట కొట్టినట్టు, వాసన పట్టుకున్నంతసేపూ తెగకుండా వస్తుంది. అది పొదల్లోంచి వాగు వైపు, వాగు దాటి బీచ్ చెట్ల వైపు పోయింది. ఆమె కళ్ళు మూసుకుని, ఆ గొంతు వెంట వేలితో గాలిలో గీత గీస్తూ నిలబడింది. ఇప్పుడు ఇక్కడ. ఇప్పుడు అక్కడ మలుపు తిరిగింది. ఒక్క తుపాకీ మోత వినబడింది. వేలు ఆగిన చోటే ఆగిపోయింది.

మధ్యాహ్నం రాడొవాన్ దాన్ని రెండు చేతుల మీదా మోసుకుని కిందికొచ్చాడు. అతని వెనకే ఒక అతిథి, బట్టతల పెద్దమనిషి, టోపీ చేతిలో నలుపుకుంటూ, "నల్లగా కదిలిందండీ, పొదలో నల్లగా కదిలింది, ఎవరైనా ఏమనుకుంటారూ," అని దారి పొడుగునా అందరికీ చెబుతూ వస్తున్నాడు.

అప్పటికే మైదానంలో దేవదారు కొమ్మలు పరిచి, ఆ రోజు పడిన ఏడు పందుల్నీ కుడి పక్కకి తిప్పి వరుసగా పడుకోబెట్టారు. ఒక్కోదాని నోట్లో ఒక్కో చిన్న రెమ్మ. అది చివరి ముద్ద. వేటలో పడిన జంతువుకి మనిషి ఇచ్చే మర్యాద. ఆ వరుసని ఎవరూ దాటకూడదు, దానికి మర్యాద చేసేటప్పుడు అందరూ టోపీలు తియ్యాలి.

రాడొవాన్ ఎవరి వంకా చూడకుండా నడిచి ఏడో పంది పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇస్క్రాని కొమ్మల మీద, కుడి పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. ఒక రెమ్మ విరిచాడు. బిగుసుకుపోయిన దవడని బొటనవేలితో నెమ్మదిగా తెరిచి రెమ్మ లోపల పెట్టాడు.

గుంపులో గుసగుస లేచింది.

"రాడొవాన్," అన్నాడు క్రివోష్ గొంతు తగ్గించి, "నీ బాధ నాకు తెలుసు. కానీ కుక్కని వేటజంతువుల వరుసలో పెట్టకూడదు. చివరి ముద్ద కుక్కకి ఇవ్వరు. అది ఆచారం కాదు."

"కాల్చిన జంతువుకి ఇవ్వాలి కదండీ?" అన్నాడు రాడొవాన్. "కాల్చారుగా."

ఒక ముసలి వేటగాడు టోపీ తీశాడు. తర్వాత ఇంకొకాయన తీశాడు. ఎక్కువమంది తియ్యలేదు. బట్టతల పెద్దమనిషికి మాత్రం ఏం చెయ్యాలో తెలియక, ముందే తీసి పట్టుకున్న టోపీని నెత్తిన పెట్టుకున్నాడు.

నామకరణం ఆగలేదు. క్రివోష్ నాణెం మీద గుప్పెడు దేవదారు ఆకులు చల్లాడు. కొమ్ము ఊదారు. "ఈ నలుపుని వెండి మీదికి తెచ్చిన చేతులు" అని ఎవరో పేరు చదివారు. పేరు విన్న అలవాటుకి జెల్మీరా కాళ్ళు రెండడుగులు ముందుకేశాయి. చప్పట్లు పడ్డాయి. ఆమె నిలబడింది. అంతమంది మధ్యలోంచి రాడొవాన్ ఆమె వైపు చూస్తున్నాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

క్రివోష్ తన జీపులోనే వాళ్ళని ఇంటికి పంపించాడు. జెల్మీరా డ్రైవరు పక్కన కూర్చుంది. రాడొవాన్ వెనక సీట్లో, తన కోటులో చుట్టిన ఇస్క్రాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటి ముందు దిగినప్పుడు అతని చేతుల్లో కోటు మూట ఒక్కటే ఉంది.

*

ఆదివారం పొద్దున ఇంటి వెనక ప్లమ్ చెట్టు కింద తవ్వాడు. పైన మన్ను గడ్డకట్టి గునపానికి కూడా లొంగలేదు. జెల్మీరా కెటిల్‌తో వేడినీళ్ళు తెచ్చి పోసింది. పోసినప్పుడల్లా ఆవిరి లేచింది, అతను తవ్వాడు. ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. అలా ఎనిమిదిసార్లు. ఎన్నోసారి వచ్చినప్పుడో అతను తల ఎత్తకుండానే అడిగాడు.

"చొక్కా ఏమైంది?"

కెటిల్ ఆమె చేతిలో బరువుగా ఉంది. "ముళ్ళలో ఊడిపోయినట్టుంది," అంది. "దానికి పరుగెక్కువ కదా."

"ఊఁ," అన్నాడు. గునపం మళ్ళీ దిగింది.

ఆ "ఊఁ" తర్వాత ఎన్నిసార్లు నోరు తెరిచిందో. అతను పారకి అంటిన మట్టి గీరుతున్నప్పుడు, చేతులు కడుక్కుంటున్నప్పుడు, రొట్టె ముక్క చేతిలో పట్టుకుని తినకుండా చూస్తున్నప్పుడు. చెప్పాల్సింది ఎంతో లేదు. నేను తీశాను, నా చేత్తో. రెండు మాటలు. ఒక్కోసారీ అవి నాలుక దాకా వచ్చి, అతని మొహం చూసి వెనక్కి తిరిగిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి క్రివోష్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, రాడొవాన్‌ని ఒకసారి ఆఫీసుకి రమ్మని. అతను వెళ్ళాడు, గంటలో తిరిగొచ్చాడు.

"ఏమన్నాడు?"

"ఏముంది. కాగితాలు," అన్నాడు. బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అతని వీపు వెనక, తాకీ తాకనట్టు పడుకుంది. ఇంట్లో గోళ్ళ చప్పుడు లేని నిశ్శబ్దం అంత పెద్దదని ఆమెకి ఇంతకుముందు తెలియదు.

*

సోమవారం ఆమె చేతులు పనికి లొంగలేదు. పుల్ల రెండుసార్లు జారింది. ఒతీలియా అత్త లేచొచ్చి అచ్చు మీద గుడ్డ కప్పేసింది.

"ఊరంతా తెలుసే పిల్లా. చొక్కా నువ్వు తీశావని ఆ మైదానంలో అరవైమంది చూశారు. నువ్వు చెప్పాల్సింది ఊరికి కాదు."

"చెప్తే నా మొహం చూస్తాడా అత్తా?"

"నాకేం తెలుసు? నేనేమైనా వాడి పెళ్ళాన్నా?" అంది ఆవిడ. తర్వాత బల్ల సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. "ముందు కాగితానికి చెప్పుకో. దానికి మొహం ఉండదు."

జెల్మీరా నిలబడే రాసింది. పది పంక్తులు. చొక్కా విప్పింది నేను. విప్పమన్నది ఇంజనీరు క్రివోష్ గారు. చొక్కా లేకుండా కుక్కని వదిలింది నేను. వదలమన్నది ఆయన. కింద సంతకం. కాగితం మడిచి గంటసేపు సెలవడిగి బయటపడింది.

సంఘం ఆఫీసు గోడల నిండా కొమ్ములే. క్రివోష్ లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు, కాఫీ తెమ్మని గుమాస్తాకి కేకేశాడు. ఆమె కాగితం చదివాక కూర్చున్నాడు.

"ఎందుకమ్మా ఇది?" అన్నాడు, నిజంగానే నొచ్చుకున్నట్టు. "అయిపోయిన విషయం." సొరుగు తెరిచి ఒక కాగితం తీసి ఆమె వైపు తిప్పాడు.

రాడొవాన్ చేతిరాత. నిన్నటి తేదీ. అక్షరాలు అతని కుట్టులాగే ఎడం ఎడంగా, గట్టిగా నొక్కినట్టు ఉన్నాయి. *చొక్కా పొట్ట దగ్గర ఒరుసుకుంటోందని పొద్దున బయల్దేరే ముందు నేనే తీసేశాను. తప్పు పూర్తిగా నాది. ఇంకెవరికీ సంబంధం లేదు.*

జెల్మీరా మూడుసార్లు చదివింది. "మీరు చెప్పి రాయించారా?"

"నేనా? ముళ్ళలో ఊడిపోయిందని రాయి, ఎవరికీ ఏ గొడవా ఉండదు అన్నాను. వినలేదు. ముళ్ళలో ఊడిన చొక్కాకి కొక్కేలు బిగించి ఉండవు, నేను జీపులో దాని పక్కనే కూర్చుని ఇంటికెళ్ళాను, అన్నాడు. రేపు ఎవరైనా అడిగితే ఒకడి పేరు ఉండాలి కదా, నాది ఉంచండి, అన్నాడు." క్రివోష్ చేతులు చాచాడు. "నేనేం చెయ్యను? చొక్కా తీసి వదిలినవాడు రెండేళ్ళు కుక్కలతో వేటకి రాకూడదు. నియమం అది. సగం చేశాను, ఏడాది. ఇంకా ఇదిగో."

చిన్న చెక్క డబ్బా బల్ల మీదికి తోశాడు. లోపల నాణెం. కింద కాగితం మీద ఒకటో నంబరు.

"ఇది మ్యూజియానికి పోవాల్సింది. మీ ఇద్దరికీ ఇస్తున్నాను."

కిటికీ వెలుతురులో నాణెం మీద కుక్క తెల్లగా ఉంది. ఆమె కాస్త పక్కకి జరిగితే నల్లబడేది. ఆమె జరగలేదు.

"నా కాగితం తీసుకున్నట్టు ముద్ర వేయించండి," అంది.

"తీసుకుంటే ఏమవుతుందో తెలుసా? ఒకే తప్పు ఇద్దరు ఒప్పుకుంటే నేను ఫైలు మూయలేను. విచారణ సంఘం కూర్చోవాలి. సాక్షుల్ని పిలవాలి, ఫోటోలవాళ్ళని పిలవాలి, కాల్చినాయన్ని రాజధాని నుంచి రప్పించాలి. అంతమంది ముందు నీ మొగుడు అబద్ధం రాశాడని తేలుతుంది. అదేనా నీకు కావాల్సింది?"

"ఆ ఫోటోల్లో మీ చెయ్యి నా భుజం మీద ఉంటుంది," అంది జెల్మీరా. "అది కూడా తేలుతుంది."

క్రివోష్ కాఫీ కప్పు ఎత్తి, తాగకుండా దించాడు. ఆమె కాగితం పట్టుకుని గుమాస్తా బల్ల దగ్గరికి నడిచింది. గుమాస్తా కిటికీలోంచి ఒకసారి, అధ్యక్షుడి వైపు ఒకసారి చూసింది. తర్వాత ముద్ర ఎత్తి నొక్కింది. మరీ గట్టిగా నొక్కింది, బల్ల మీద కప్పులు కదిలాయి.

డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

*

ఆమె ఇంటికి చేరేసరికి రాడొవాన్ మెట్ల పక్క బెంచీ మీద కూర్చుని బూట్లకి కొవ్వు రాస్తున్నాడు. అడవిలో తడవకుండా ఉండేందుకు రాసేది. పని నుంచి తొందరగా వచ్చినట్టున్నాడు. గుడ్డని డబ్బాలో అద్ది, కుట్ల మీద వేలితో ఒత్తి, చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దుతున్నాడు. జెల్మీరా ఎదురుగా నిలబడింది. శాలువా కూడా తియ్యలేదు.

"నేనే తీశాను, రాడో. చొక్కా నేనే తీశాను."

గుడ్డ ఆగింది.

"ఆయన తియ్యమన్నాడు, నిజమే. కానీ నాకూ చూడాలనిపించింది. అందుకే తీశాను. ఇవాళ వెళ్ళి అదే రాసిచ్చాను. ముద్ర కూడా వేశారు. నువ్వు రాసింది చూపించాడు…"

"తెలుసు," అన్నాడు రాడొవాన్. "చొక్కా జీపు సీటు మీద చూశాను. శనివారమే చూశాను." బూటు తిప్పి మడమ వైపు చూశాడు. అక్కడ రాయాల్సిందేమీ మిగల్లేదు. అయినా మళ్ళీ రుద్దాడు. "నువ్వు ముళ్ళన్నాక, ఇక నీ నోటి నుంచి ఈ మాట వినకూడదనే అది రాశాను. అదొక్కటే అనుకున్నాను. విన్నాక ఎలా ఉంటుందో నాకు తెలుసు. వినకపోతే, ఎప్పటికైనా మర్చిపోదును."

ఆమెకి ఏడుపు రాలేదు. వస్తే అతను లేచి వచ్చి పట్టుకునేవాడు. అది తెలిసే రాలేదేమో.

"విచారణ ఉంటుందట," అంది. "అందరి ముందూ. నిన్ను అడుగుతారు."

"అడగనీ."

"ఏం చెప్తావు?"

"ఏం చెప్తాను?" అన్నాడు. "నువ్వు చెప్పేశావుగా."

రెండో బూటు కూడా అయిపోయింది. రెండింటినీ పక్కపక్కన, ముక్కులు బయటికి పెట్టి, ఎండ పడే చోట ఉంచాడు. బెంచీ కింద ఆమె బూట్లు ఉన్నాయి, శనివారపు బురద ఎండి తెల్లబడి. పెళ్ళయినప్పటి నుంచి వాటికి కొవ్వు రాసింది అతనే, తన బూట్ల కంటే ముందు. అతను వాటి వంక చూశాడు. గుడ్డని నాలుగు మడతలు పెట్టి డబ్బా మీద ఉంచాడు. డబ్బాని బెంచీ మధ్యకి జరిపాడు.

"నీవి నువ్వు రాసుకో," అన్నాడు.

జెల్మీరా శాలువా తీసి మెట్ల మీద పెట్టింది. డబ్బాకి అవతల, బెంచీ రెండో చివర కూర్చుంది. ఒక బూటు ఒళ్ళోకి తీసుకుని గోరుతో బురద గీకడం మొదలుపెట్టింది. అతను లేచి వెళ్ళలేదు.